కదలని అంకె

మా నాయిన గద్వాలలో చూపు ఆనినంత కాలం చీరలు నేశాడు. మగ్గం దిగాక ఆయనకు మిగిలిన ఆస్తి ఒక్కటే, గ్రాఫు కాగితం మీద గడి గడి నింపి తానే గీసుకున్న హంసల అంచు. ఆ కాగితాలకు చెదలు పట్టాయి. నేను అంచునంతా లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఇక భయం లేదనుకుని, మిగిలిన ముక్కల్ని పొయ్యిలో వేశాను. ఆ తెలివి నాదే.

లాప్‌టాప్ కూడా నా తెలివే. నాకు అలవాటైన డిజైన్ సాఫ్ట్‌వేర్ యాపిల్ వాళ్ల మ్యాక్ కంప్యూటర్‌లోనే నడుస్తుంది. అది కొనే తాహతు లేక, మామూలు లాప్‌టాప్‌లో మ్యాక్ వ్యవస్థను ఎక్కించాను. హ్యాకింతోష్ అంటారు దాన్ని. ఎక్కింది గానీ, లోపలి వేడినీ ప్రాసెసర్ వేగాన్నీ చూపే సెన్సార్లు పలకలేదు. ఇంటర్నెట్ ఫోరంలో ఎవరో పెట్టిన ఫైలు ఒకటి వేసి, అది పని చెయ్యక, దాని మీదే ఇంకో కొత్తది వేస్తే తెర మూలన రెండు అంకెలు వెలిశాయి. వేడి నలభై ఒక్క డిగ్రీలు, వేగం రెండు పాయింట్ నాలుగు గిగాహెర్ట్జ్. నెలంతా అవే. మా ఇంట్లో మగ్గం చప్పుడు ఒకే తీరుగా వస్తే పని బాగా సాగుతోందని అర్థం. ఆ లెక్కనే నేను అంకె కదలకపోతే మిషన్ నిమ్మళంగా ఉందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం నాయిన నా పక్కన కూర్చుని లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టాడు.

"గిది కాలుతున్నది బిడ్డా. జర బందు చెయ్."

"నలభై ఒకటే ఉంది నాయినా. నీకు తెల్వదు, ఊకో."

చెయ్యి తీసేశాడు. నా మాటలోని ఆ విసురు ఇప్పటికీ నన్నే పొడుస్తుంది.

వారం తిరక్కుండా అది దానంతటదే ఆరిపోవడం మొదలుపెట్టింది. అప్పుడు కూర్చుని వెతికితే, పాత సెన్సార్ ఫైలూ కొత్తదీ రెండూ ఉండి కొట్టుకుంటున్నాయని తేలింది. ఒక ఒరలో రెండు కత్తులు. నేను చూస్తున్న వేడి ఏనాడో ఆగిపోయిన అంకె. వేగమేమో ప్రాసెసర్ గురించి కంపెనీ వాళ్లు కాగితం మీద రాసే వేగం, అది నిజంగా నడుస్తున్న వేగం కాదు. పాత ఫైలు తీసేసి మళ్లీ తెరిచాను. అంకెలు కదిలాయి. తొంభై ఆరు, తొంభై తొమ్మిది. వేగం సగానికి పడింది. ఎట్టకేలకు నిజం చెబుతోందని సంబరపడేలోపే తెర నల్లబడింది. కర్నూలులో రిపేరు చేసే అతను డిస్కు కూడా పోయిందన్నాడు. ఇంకో కాపీ లేదు. చేతులు కాలాక పట్టుకోవడానికి నాకు ఆకులు కూడా మిగల్లేదు.

నాయినకు చెప్పాను. తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు గ్రాఫు కాగితం తెప్పించుకుని, కిటికీ దగ్గర కూర్చుని హంసను మళ్లీ గీయడం మొదలుపెట్టాడు. గళ్లు తప్పుతున్నాయి. హంస మెడ ఒకచోట, తల ఒకచోట పడుతున్నాయి.

"సరిగ్గ వస్తున్నదా బిడ్డా? నాకు కనిపిస్తలేదు. నువ్వు చూసి చెప్పు."

"మంచిగ వస్తున్నది నాయినా."

రోజూ అడుగుతాడు. రోజూ అదే మాట, అదే గొంతుతో చెబుతాను. నిన్న కూడా చెప్పాను. ఆయన పెన్సిలు కింద పెట్టి, చెయ్యి చాచి నా చెంప తడిమాడు. తడి తగిలింది. కాగితం మడిచి పక్కన పెట్టాడు.