కన్నబిడ్డను దత్తత తీసుకోమన్నాం

2018లో నన్ను మంచిర్యాల వైపు ఒక బొగ్గుగనికి పర్సనల్ మేనేజర్‌గా వేశారు. జబ్బుపడి మెడికల్ అన్‌ఫిట్ అయిన కార్మికుడి పిల్లల్లో ఒకరికి ఉద్యోగం ఇవ్వడం అక్కడి పద్ధతి. ఇచ్చేముందు, వచ్చినవాళ్లు అతని పిల్లలేనా అని ముగ్గురు అధికారుల కమిటీ విచారించాలి. అందులో నేనొకణ్ణి.

ముప్పై ఏళ్లు బొగ్గు కొట్టి ఊపిరితిత్తులు పాడైన రాజయ్య, కూతురు స్రవంతితో వచ్చాడు. ఆమె సర్టిఫికెట్లలో తండ్రి పేరు పోశయ్య; అతని అసలు పేరు అదే. మారుపేరు మీద గనిలో దిగినవాళ్లు ప్రతి షిఫ్టులో ఉండేవారు. గనిలో పని చేయించే సర్దార్ నుంచి మేనేజర్ దాకా ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా కమిటీ ఛైర్మన్ ఏమీ ఎరగనట్టు, పేరెందుకు మార్చావని గద్దించాడు.

"అవ్వను వెట్టికి గుంజుకపోతుంటే దొర మనిషిని కొట్టిన సార్. వాని కాలిరిగింది, నా మీద కేసయింది. బావకు గీ నౌకరి వచ్చింది గాని బాయిల దిగనీకి భయపడ్డడు. పోలీసులకు దొరకకుండ ఆయన పేరు మీద నేను దిగిన."

కంపెనీలో తండ్రి పేరు వేరని స్రవంతికి తెలుసు. కేసు సంగతి మాత్రం అప్పుడే వింది. ముఖం ఎర్రబడింది.

ఛైర్మన్ ఉపాయం చెప్పాడు. పోశయ్య కూతుర్ని రాజయ్య దత్తత తీసుకున్నట్టు తండ్రీకూతుళ్లిద్దరూ సంతకాలు పెడితే పని అయిపోతుంది. తండ్రి వెంటనే పెన్ను అందుకున్నాడు.

"ఇన్నేండ్లు గా కొట్లాట ముచ్చట నాకు చెప్పకపోతివి బాపు," అంది స్రవంతి. మా వైపు తిరిగింది. "బొగ్గు తీసినన్ని రోజులు గీయన ఎవరని అడగలే. ఇప్పుడు మా బాపుకే నన్ను సాదుకునేతందుకు ఇస్తరా? నేను సంతకం పెట్ట."

"జర ఆగు బిడ్డా, నౌకరి పోతది," అన్నాడు తండ్రి.

"పోనీ."

వీళ్లు తండ్రీకూతుళ్లే, ఉద్యోగం ఇవ్వాలని నేను రాశాను. మిగతా ఇద్దరూ రుజువు కాలేదని రాశారు. దరఖాస్తు కొట్టివేశారు. ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది.

విచారణ అంటే నిజం తేల్చడమని సర్వీసులో చేరినప్పుడు అనుకునేవాణ్ణి. ఆ రోజే, కన్నకొడుకులను దత్తత తీసుకున్నామని రాసిచ్చిన ఇద్దరు కార్మికుల ఇళ్లకు ఉద్యోగాలిచ్చాం. కన్నతండ్రిని కన్నతండ్రి అన్న పిల్లను ఒట్టి చేతులతో పంపాం.