ఏటికి ఎదురు మాట

మా ఆదెన్న మామ కట్టిన గోడ గుండు పెట్టి కొట్టినా కదలదని పెన్న ఒడ్డున ఉన్న మా ఊళ్లో పేరు. ఏం లాభం, లౌక్యం మాత్రం వీసమెత్తు లేదు.

కరువులో పెట్టిన గంజి కేంద్రాలు మూసేసిన మరుసటేడు, ఏటి పక్కన నీళ్లు వడగట్టే తొట్లు పెంచాలని మునిసిపాలిటీవాళ్లు టెండర్లు పిలిచారు. పని మామకు దక్కింది. సుబ్బక్కత్తకు పుట్టింటివాళ్లిచ్చిన చేను పూచీగా పెట్టాడు. వాళ్లకు ఉన్నదల్లా ఆ చేనే.

సంతకం రోజు ఓవర్సీరు కరారు చదివి వినిపించాడు. పని అప్పగించేలోగా వరదొచ్చి ఏం పోయినా నష్టం కాంట్రాక్టరుదేనని అందులో ఒక షరతు. ఆయన మంచివాడు. ఆ నష్టం మునిసిపాలిటీ మోయాలని అడుగు, పైకి రాస్తానని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఏట్లో ఇసుక తప్ప నీళ్లు చూసి ఏండ్లయిన మనిషి మా మామ.

"ఏరొస్తే నాకు నష్టమని నా నోటితో ఎట్ల చెప్పేది సామీ? ఊరంతా ఆ ఏటికోసమే ఏడుస్తాండాది" అని సంతకం పెట్టేశాడు.

అట్లా అంటే ఏరు అలిగి రాదేమోనని ఆయన భయం. పక్కనున్న పెద్దమనుషులు భేష్ అన్నారు. ఆ భేషులు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. పోయేది వాళ్ల చేను కాదు కదా.

పని సగంలో ఉండగానే ఏరొచ్చింది. పచ్చి ఆరని గోడలు, లోపల పరిచిన కంకర, అన్నీ కొట్టుకుపోయాయి. ఊరు ఊరంతా పసుపు కుంకుమలు, టెంకాయలు పట్టుకుని ఒడ్డుకు పరుగెత్తింది. మామ కనబడితే ఆయనకూ నవ్వుతూ ఏరొచ్చిందని చెప్పారు. ఏరొచ్చినపుడు కన్నీళ్లు పెట్టకూడదని ఆయన పండ్లు బిగబట్టి నిలబడ్డాడు. అంత దుఃఖం మింగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

చేను వేలంలో పోయింది. తొట్లు వేరే కాంట్రాక్టరు కట్టాడు. ఆయన అడిగి మరీ వరద నష్టం మునిసిపాలిటీ మీద రాయించుకున్నాడు. సుబ్బక్కత్త తన చేలోకే కలుపు కూలికి పోయింది. మామను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదేమో.

మరుసటేడు మళ్లీ ఏరొచ్చిందని వీధిలో కేకలు. బయల్దేరుతూ అత్త రమ్మని పిలిచింది. మామ గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"నువ్వు పోయిరా. నా కండ్లల్లో ఇప్పుడు మంచి లేదు. నేను సూస్తే మళ్లీ రాదేమో."