విన్నపాల పుస్తకంలో మా చెల్లి

మా మొయినాబాద్ చర్చిలో శుక్రవారం ఆడవాళ్ళ ప్రార్థనకు రెండు పుస్తకాలుండేవి. ఒకటి స్తుతులకు, ఒకటి విన్నపాలకు. ఎవరింటి సంగతి వాళ్ళు ముందే రాస్తే పాస్టరమ్మ చదివేది, అందరం గొంతెత్తి ప్రార్థించేవాళ్ళం. ఆ రోజుల్లో స్తుతుల పుస్తకం నిండా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. మా ఇంటి నుంచి రాసేది నేను. కోడి గుడ్డు పెట్టినందుకు, మెహిదీపట్నం బస్సులో బాపుకు సీటు దొరికినందుకు కూడా స్తోత్రం రాసినదాన్ని. రాయనిది ఒక్క మా చెల్లి సంగతే.

చిన్నప్పుడు నాకు ఫిట్స్ వచ్చేవి. బడికి పంపడానికి భయపడి, టీచరైన బాపు ఇంట్లోనే చదువు చెప్పాడు. అందుకు దేవునికి ఎన్ని వందనాలు చెప్పినా చాలవు. నేర్చుకున్నదల్లా పలక మీద చెల్లికి నేర్పాను. భిన్నాలు ఆమెకు వచ్చింది నా దగ్గరే. ఆమె ఇంటర్‌కు చేవెళ్ల పోయింది, అటునుంచి చుక్కల చదువుకు యూనివర్సిటీకి పోయింది. నేను ఇంట్లో ఉన్నాను.

ఒక ఏడు చెల్లి నుంచి కబురొచ్చింది. చూడమని ఆమె అర్జీ పెట్టుకున్న గెలాక్సీని అంతరిక్షంలో తిరిగే ఎక్స్‌రే టెలిస్కోపు చూసిందట, లెక్కలు కూడా చేతికొచ్చాయట. గెలాక్సీ నడుమ పెద్ద కృష్ణబిలం, దాంట్లో పడబోయే వాయువు కాగి ఎక్స్‌రేలు చిమ్ముతుందట. కొన్ని గెలాక్సీల్లో ఆ వెలుగు కొద్ది ఏళ్ళలోనే మారిపోతుందట.

"స్తుతులల్ల రాయి బిడ్డా," అంది అవ్వ.

నేను విన్నపాల పుస్తకం తెరిచాను. మా చెల్లి మనసు ఆకాశం మీది నుంచి మళ్ళి మంచి సంబంధం కుదరాలని రాశాను. చదివితే ప్రేమతో రాసినట్టే ఉంది.

శుక్రవారానికి చెల్లి ఊరికి వచ్చింది, నా పక్కనే కూర్చుంది. పాస్టరమ్మ చదవగానే ఆడవాళ్ళు అందుకున్నారు.

"ఆ పిల్లకు చుక్కల పిచ్చి తీసెయ్యి తండ్రీ!"

"సాఫ్ట్‌వేర్ పిలగాన్ని పంపు తండ్రీ!"

"కారున్నోన్ని పంపు ప్రభువా!"

ఎవరో కిసుక్కుమన్నారు. చెల్లి కళ్ళు తెరిచే ఉన్నాయి. నేనూ తెరిచాను కాబట్టి తెలుసు.

ఇంటికొచ్చాక అంది, "మనింటి నుంచి రాసేది నువ్వే గదక్కా."

"నీ మంచికే రాసిన."

ఆమె మంచం మీద లాప్‌టాప్ తెరిచింది. తెర మీద రెండు గీతలు. పైది ఆ గెలాక్సీ కొన్నేళ్ళ కిందటి వెలుగు, కిందిది ఇప్పటిది.

"మసకబారింది," అన్నాను. లోపల హాయిగా అనిపించిందని దాచడమెందుకు? "మబ్బేదన్న అడ్డమొచ్చిందేమో."

"మబ్బు అడ్డమొస్తే బలం లేని ఎక్స్‌రేలు ఆగుతయి, బలమున్నవి దాటొస్తయి. గీ ఎడమ పక్క బలం లేనివి, కుడి పక్క బలమున్నవి. నువ్వే కొలువు."

స్కేలు లేనప్పుడు బాపు మాకు చీపురుపుల్లతో కొలవడం నేర్పాడు. పుల్ల విరిచి తెర మీద పెట్టాను. రెండు గీతల మధ్య ఎడం ఈ కొసనా ఆ కొసనా ఒక్కటే.

"అంటే అన్నీ ఒక్క తీరుగనే తగ్గినయి," అంది. "అడ్డం ఏం లేదక్కా. ఆ బిలంల పడే మేతే తగ్గింది."

"మళ్ళ వెలుగుతదా?"

"వెలిగినవి ఉన్నయి. చూస్తుండాలె."

ఆ పుల్ల చాలాసేపు నా చేతిలోనే ఉంది. నా చదువుకు ఫిట్స్ అడ్డమొచ్చాయి, నిజమే. ఆమె సంగతి స్తుతుల్లో రాయడానికి మాత్రం ఏదీ అడ్డం రాలేదు.

నెరవేరిన విన్నపాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేయడం మా చర్చి పద్ధతి. మరుసటి శుక్రవారం నా విన్నపాన్ని కొట్టేయమని పాస్టరమ్మకు చెప్పాను.

"అప్పుడే కుదిరిందా సంబంధం!"

"లేదమ్మా. అడగరానిది అడిగిన."

అందరూ నా వైపు తిరిగారు. స్తుతుల పుస్తకం తీసుకుని, మా చెల్లి చదువుకు స్తోత్రం అని రాసిచ్చాను.

"అదేం చదువే?" అంది వెనక నుంచి ఒకామె.

చెల్లి అప్పటికే పట్నం వెళ్ళిపోయింది. నాకు తెలిసినంత నేనే చెప్పాను, కొంత గర్వంగా, ఇంకా కొంత కుళ్ళుతోనే.