ముగ్గుతో గీసిన బస్టాపు

మట్టెవాడలోని మా వీధికి సిటీ బస్సు రావడమా, మానడమా అన్నది ఆ శుక్రవారం ఉదయం తేలవలసి ఉంది. నగర మధ్యలోని ఇరుకు బజార్లను చక్కదిద్దే ప్రణాళికలో భాగంగా మా వీధిని ఒకవైపు రాకపోకలకే పరిమితం చేసి, కాలిబాటను వెడల్పు చేసి, చిన్న బస్సులను నడపాలని అధికారులు సంకల్పించారు. ధాన్యపు దుకాణాలవారు ససేమిరా అన్నారు. అందుచేత ముందుగా ఒక పరీక్ష పెట్టారు. బస్సు ఒకమారు వచ్చి, మా ఇంటి ముందు ఆగి, వెనుక బండ్లను నిలవేయకుండా సాగిపోతే సరి; లేకుంటే దాని దారి వెలుపలి రోడ్డుకు మారిపోతుంది.

తక్కినవారికి అది సౌకర్యానికి సంబంధించిన విషయం. నా ఇల్లాలికి ప్రాణానికి సంబంధించినది. మూత్రపిండాలు చెడి, వారంలో పలుమార్లు పెద్ద దవాఖానలో డయాలసిస్ చేయించుకొనవలసిన మనిషి ఆమె. చౌరస్తా దాకా నడవబోతే నీరు పట్టిన కాళ్లు సహకరించవు. బస్తాల నడుమ నుంచి లోనికి రావడానికి ఆటోవాళ్లు ఇష్టపడరు. ఒకనాడు సగం దారి నడిచి, ఇక చేతకాక మరలి వచ్చింది. ఆ మరునాడు ఊపిరాడక ఆమె పడిన యాతన నా కన్నుల ముందు నుంచి ఇప్పటికీ కదలదు.

ఆ పని చూస్తున్న ఇంజనీరు ఒక యువతి. ముందునాటి సాయంత్రం మనుషులను వెంటబెట్టుకొని వచ్చి, బస్సు ఆగవలసిన చోటున సున్నపు గీతలతో గుర్తు పెట్టించింది.

"ఈ గీతల లోపల ఏం పెట్టనియ్యకుండ్రి సార్. బస్సు గిండ్లనే ఆగాలె," అని నాకు చెప్పి వెళ్లింది.

తెల్లవారి తలుపు తీసి చూస్తే గీతలు లేవు.

మా వాడలో ఆడవారు పొద్దు పొడవక మునుపే వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాన్పి చల్లుతారు. వాకిలి అంటే చీపురు ఎంతవరకు సాగితే అంతవరకు. ఇంటి గచ్చు ఎక్కడ ముగిసిందో, సర్కారు రోడ్డు ఎక్కడ మొదలైందో ఆ చీపురుకు పట్టదు. వరుసగా అన్ని ఇండ్లవారూ, మా కోడలితో సహా, ఆ తెల్లని గీతలను శుభ్రంగా కడిగివేశారు.

ఇంజనీరు వచ్చేసరికి ఆ ఖాళీలో ఒక ట్రాలీ ఆటో నిలిచి ఉంది. ఎదుటి దుకాణపు సేటు హమాలీ చేత బస్తాలు దింపిస్తున్నాడు.

"గీతలేవి సార్?" ఆమె నేలంతా వెదుకుతూ అడిగింది.

పక్కింటి ముసలమ్మ చీపురు చేతబట్టుకొనే బదులిచ్చింది. "నువ్వు గీయించినవా బిడ్డా? ఎవలో చేతబడి జేసిండ్రనుకున్న. నిమ్మకాయ గిట్ల ఉన్నదా అని దేవులాడిన గూడ."

సేటు నవ్వాడు. "గీత లేని కాడ బస్తా దించుకునుడు తప్పా మేడమ్?"

"జర బండి తీయించుండ్రి సేట్. బస్సు చౌరస్తా దాటిందట. మా సార్లు అండ్లనే ఉన్నరు."

"రానియ్యుండ్రి. ఈ గల్లీల బస్సు పట్టదని వాళ్లే జూస్తరు."

నేను బతిమాలబోయాను. "మీకు ఫికరెందుకు సార్, అమ్మకు నేను ఆటో పిలిపిస్త గద," అన్నాడు. నా ఇల్లాలు సగం దారి నుంచి మరలి వచ్చిన రోజున కూడా ఆ మాటే అన్నాడు.

నా ఇల్లాలు దవాఖాన సంచిని ఒడిలో పెట్టుకొని అరుగు మీద కూర్చుంది. సంచి పిడిని వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. దూరాన హారన్ వినిపించింది.

ముసలమ్మ లోనికి పోయి ముగ్గుగిన్నెతో వచ్చింది. "గీతలే గదా గావాల్సింది. యాడికెల్లి యాడిదాంక? చెప్పు బిడ్డా."

ఇంజనీరు టేపు సాచింది. ఇరుగుపొరుగు ఆడవారు నలుగురూ వంగారు. వారి వేళ్ల సందుల నుంచి తెల్లని గీతలు సాగాయి. అంత తొందరలోనూ మూలమూలన ఒక మెలిక తిప్పక మానలేదు. ఒక గీత ట్రాలీ చక్రం దాకా వచ్చి ఆగింది.

"బండి తీస్తవా, బండి మీదికెల్లి ఏయాల్నా?" అన్నది ముసలమ్మ.

డ్రైవరు సేటు వైపు చూశాడు, ముగ్గు వైపు చూశాడు, బండి స్టార్టు చేశాడు. వీపున బస్తాతో హమాలీ గీత అంచున నిలిచిపోయాడు.

"సేటూ, శుక్రవారం పూట ముగ్గు దొక్కి దించాల్నా?"

దుకాణంలో లక్ష్మీదేవి పటానికి అప్పుడే ఊదుబత్తి వెలిగించి వచ్చిన మనిషి సేటు. మొగం ముడుచుకొని, "లోపటికి తేరా," అన్నాడు. అంతకుముందు దించిన బస్తాలను కూడా తానే ఒక చేయి వేసి లాగించాడు.

అంతలో బస్సు మలుపు తిరిగింది. తిరిగి, గీతకు జానెడు దూరంలో ఆగిపోయింది. డ్రైవరు కిటికీలో నుంచి తల బయటపెట్టాడు.

"అమ్మా, ముగ్గు మీదికి ఎక్కియ్యాల్నా?"

వీధికి అడ్డంగా బస్సు. వెనుక మోటారు సైకిళ్ల మోత. లోపలి నుంచి అధికారులు చూస్తున్నారు. ఇంజనీరు పెదవి కొరుక్కుంటూ ఉంది. అప్పుడు నా ఇల్లాలు గోడ పట్టుకొని లేచింది.

"ఎక్కియ్యి బిడ్డా. ముగ్గుదేమున్నది, రేపు పొద్దుగాల మళ్ల ఏస్తరు. నువ్వే రేపొస్తవో రావో."

బస్సు గీత దాటి వచ్చి అరుగు పక్కన నిలిచింది. మెట్టు ఎత్తుగా ఉంది. మొదటిమారు ఆమె కాలు అందలేదు. నేను మోచేతి కింద చేయి వేశాను, రెండవమారు ఎక్కింది. ఆ లోపల వెనుకనున్న బండ్లు ఒక్కొక్కటిగా పక్కనుంచి సాగిపోయాయి.

ఆ పూట దవాఖానకు వేళకు చేరాము. నిర్ణయం తరువాత చెబుతామన్నారు అధికారులు.

మరునాడు తెల్లవారుతుండగా పక్కింటి ముసలమ్మ చీపురుతో ఆ చోటికి వచ్చింది. టైర్ల గుర్తులు పడిన ఆ గీతలను కొంతసేపు చూసింది. చుట్టూ ఊడ్చి, సాన్పి చల్లి, వాటిని మాత్రం తడపకుండా విడిచి లోనికి వెళ్లింది.