పాలపిట్ట వాలే చోటు

నేను కోతలు కోస్తానని ముందే ఒప్పుకుంటున్నాను. ఇందులో ఏది కోతో చివర చెబుతాను.

చిలకలగూడలో మా ఇంటి ఓనరుకు ఎగిరే పిట్టల్ని ఫోటో తీయడం పిచ్చి. ఆదివారం కాప్రా చెరువు గట్టున ఆయన కెమెరా ఎత్తితే ఆకాశం జుట్టు సవరించుకునేది. మిగతా ఆరు రోజులూ స్నానాలగదిని చీకటి చేసి ఫోటోలు కడిగేవాడు. అద్దెకున్న మేమంతా తువ్వాళ్లతో బయట తపస్సు చేస్తుంటే, లోపలినుంచి, "జెర ఆగుండ్రి సార్, పిట్ట ఇంక ఎగురుతనే ఉన్నది" అనేవాడు.

ఒకసారి ఆయన కెమెరాకు పాలపిట్ట దొరికింది. దాని ఒక రెక్క కాప్రా మీద ఉంటే, రెండోది మైళ్ల దూరంలోని మోండా మార్కెట్‌కు నీడ పట్టింది. నలుపు తెలుపు ఫోటోలోనూ దాని నీలం నాకు కనబడింది. అయితే పిట్ట కింద అడ్డంగా ఒక కరెంటు తీగ పడింది. ఫోటోల పోటీకి పంపాలని ఆయన నెగటివ్ మీద ఆ తీగను సన్నటి పెన్సిలుతో ఇరవై రోజులు కప్పాడు. ఆ ఇరవై రోజులూ ఊపిరి పీల్చలేదు.

పంపడానికి ఆఖరి రోజు పొద్దున కొత్త ఫోటో చూపించాడు. తీగ లేదు, అంతా ఆకాశమే.

"మొదటి బహుమతి మీదేనండీ" అన్నాను.

ఆయన ఫోటోలో తీగ పోయినచోట వేలు పెట్టాడు. "గంత దూరంకెల్లి ఎగురుకుంట వచ్చింది సార్. గిప్పుడిది యాడ కూసుంటది?"

తడి దూదితో నెగటివ్ మీది పెన్సిలంతా తుడిచేశాడు. పోటీకి ఏమీ పంపలేదు. నేను నవ్విన నవ్వుకు ఇంటి పెంకులు జారిపడ్డాయి.

కల్పించింది ఆ నవ్వే. ఆ రోజు నేను నవ్వలేదు. రెక్కల కొలత మాత్రం తగ్గించను.