నిమ్మకాయ సంగతి అత్తకు తెలుసు

ఉల్లిచేనులో ఎండకు పనిచేసి నా చెంపల మీద నల్లమచ్చలు వచ్చాయి. ఈ రోజు మా అత్త నన్ను కర్నూలులో చర్మ డాక్టరమ్మకు చూపించింది. "ముఖానికి ఏం రాస్తున్నావు?" అని డాక్టరమ్మ అడిగితే సిగ్గుతో తల దించుకున్నాను.

"చాటుగా నిమ్మకాయ రుద్దుతాంది మేడం. నాకు తెలీదనుకుంటాంది," అంది అత్త.

నిమ్మరసం రాసుకుని ఎండకు పోతే మచ్చలు ఇంకా ముదురుతాయట. అది మానేసి, సన్‌స్క్రీన్ రాసుకుని, ముఖానికి గుడ్డ కట్టుకుని చేనికి పొమ్మంది డాక్టరమ్మ. తగ్గడానికి నెలలు పడుతుందట.

తిరుగు బస్సులో అత్త కొన్న సన్‌స్క్రీన్ ట్యూబును అటూ ఇటూ తిప్పి చూసింది. "కొత్త కోడలప్పుడు నేనూ రుద్దినాలేమ్మే, నిమ్మకాయ. ముప్పై ఏండ్ల మచ్చలు కూడా తగ్గుతాయంటావా దీనికి?"

ఇన్నాళ్ళూ అవి మచ్చలని తెలీక, ఆమె ముఖం రంగే అంత అనుకున్నాను. మీ ఇంటి పెద్దవాళ్ళను వాళ్ళ మచ్చల గురించి మీరెప్పుడైనా అడిగారా?