మాట అయ్యేదాకా ఫొటో

సిటీ బస్సు కండక్టరుకు నోరే ఆస్తి. మన కండక్టరుకు ఆ ఆస్తి కాస్త ఎక్కువగానే ఉంది. బస్సెక్కినవాడు తను ఎక్కడ దిగాలో చెప్పడానికి నోరు తెరిచేలోపే, "మార్కెట్టా, ఆసుపత్రా, చిల్లరుందా, లోపలికి జరగండి" అని ప్రశ్నా ఆయనదే, జవాబూ ఆయనదే. పాపం, తప్పనడానికి లేదు. ఒక్కొక్కరి మాటా పూర్తయ్యేదాకా ఆగితే బస్సు తర్వాతి స్టాపుకు చేరదు. డ్రైవరు ఆయనకు 'రేడియో' అని పేరు పెట్టాడు. ఎవరు మోశారో గానీ ఆ పేరు ఇంటిదాకా వచ్చేసింది. భార్యకు కోపం వచ్చినప్పుడు, "కాస్త ఆ రేడియో కట్టెయ్యండి" అనేది.

అలాంటి రేడియోకు పుట్టిన ఒక్కగానొక్క కూతురికి నత్తి. కొన్ని అక్షరాల దగ్గర, అందులోనూ 'క' దగ్గర, గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు మాట ఆగిపోయేది. పిల్ల కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి ఆ మాటను బయటికి నెట్టడానికి అవస్థ పడుతుంటే తండ్రి చూస్తూ ఊరుకోలేకపోయేవాడు. ఇంకేముంది, మాట తనే అందించేవాడు. బంధువులు ఏం చదువుతున్నావమ్మా అంటే, "తొమ్మిదో తరగతి, లెక్కల్లో దానికి తిరుగులేదు" అని ఈయన. షాపులో పిల్ల "క..." అనగానే, "క్లిప్పులు ఇవ్వవయ్యా పిల్లకి" అని ఈయన. పిల్లకు కావలసింది కవర్లు. కాదని చెప్పాలంటే మళ్ళీ మాట్లాడాలి కదా, అందుకని తలూపి ఊరుకునేది. అలా ఆ ఇంట్లో జడక్లిప్పులు డబ్బాల కొద్దీ పోగుపడ్డాయి. నోట్‌బుక్కులకు మాత్రం అట్టల్లేవు.

రానురాను ఆ పిల్ల మాట్లాడటమే తగ్గించేసింది. ఆయన దాన్ని నెమ్మదితనం అనుకున్నాడు. "మా అమ్మడు బంగారం, నోట్లో నాలుక లేదు" అని డిపోలో మురిసిపోయేవాడు. నాలుక ఉందో లేదో ఆయన ఎప్పుడు చూడనిచ్చాడు గనక? ప్రేమ లేక కాదు. ప్రేమ ఎక్కువై, తొందరెక్కువై.

ఆ ఏడాది బడిలో కంప్యూటరు చెప్పే టీచరు పిల్లలకు ఒక పని పెట్టింది. మీ ఇంట్లోనో వీధిలోనో రోజూ జరిగే ఒక పని మీద చిన్న వీడియో చెయ్యాలి. అయితే ఫొటోలతోనే చెయ్యాలి. ఫొటోల్ని వరసగా పేర్చి, వెనక ఎవరి గొంతుతో వాళ్ళే చెప్పాలి. దీని వెనక పెద్ద సిద్ధాంతమేమీ లేదండీ. బడిలో ఉన్నవి ముసలి కంప్యూటర్లు. కదిలే బొమ్మలు పెడితే ఆయాసపడి ఆగిపోతాయి, ఫొటోలైతే ఎలాగో మోస్తాయి. అయినవాటిని తల్లిదండ్రుల సమావేశంలో పెద్ద తెర మీద వేస్తామని కూడా చెప్పింది.

పిల్ల తన తల్లి పనిని ఎంచుకుంది. వాళ్ళ ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను ఉంటుంది. తల్లి కొత్త బట్టలు కుట్టదు. బిగుతైనవి వదులు చేస్తుంది, పొడుగైనవి మడిచి కుడుతుంది, చిరిగిన జేబులకు కొత్త జేబులు వేస్తుంది. పిల్ల తండ్రి ఫోను తీసుకుని మిషను చుట్టూ తిరుగుతుంటే తల్లి కసిరింది.

"నా మొహం తియ్యకే. చేతులు తీసుకో, అవైనా పని చేస్తున్నట్టు కనబడతాయి."

పిల్ల చేతులే తీసింది. సుద్దతో గీసిన గీత, వేళ్ళ మధ్య పట్టుకున్న దారం, కత్తెర పట్టిన చెయ్యి, నేల మీద రాలిన పీలికలు. ఫొటోలు బాగా వచ్చాయి. తండ్రి వాటిని టికెట్టు కొన్నవాళ్ళకీ కొననివాళ్ళకీ చూపించాడు.

చిక్కంతా గొంతు దగ్గర వచ్చింది. ఒక సాయంత్రం ఆయన డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్నాడు. వెనకగది తలుపు వేసి ఉంది. లోపల పిల్ల తల్లి ఫోనులో మాట రికార్డు చేసుకుంటోంది. "తర్వాత మా అమ్మ క... క..." ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే. కత్తెర అన్న మాట ఎంతకీ తెగడం లేదు. ఒక బూటు చేతిలో పట్టుకుని ఆయన అలాగే కూర్చుండిపోయాడు. బడిపిల్లల సంగతి ఆయనకు తెలియనిదా? రోజూ ఆయన బస్సులోనే ఆయన గొంతును ఆయన ముందే అనుకరిస్తారు. అంత పెద్ద తెర ముందు తన కూతుర్ని వదులుతారా?

మర్నాడు ఆయనకు సెలవు. పిల్ల రాసుకున్న కాగితం తీసుకుని, మిద్దె మీదికి వెళ్ళి, మొత్తం ఒక్క బిగిన తనే చదివి రికార్డు చేసేశాడు. కిందికి దిగి, మధ్యాహ్నం పిల్ల అన్నానికి ఇంటికి రాగానే గర్వంగా వినిపించాడు.

"చూడమ్మడూ, నీ కష్టం తీరిపోయింది. హాయిగా ఉండు."

పిల్ల విన్నది. నేలచూపులు చూసి తలూపింది.

"ఆ గొంతు వింటే హాల్లో సగంమంది స్టాపొచ్చిందని దిగిపోతారు," అంది భార్య. తర్వాత మెల్లిగా, "దాన్ని అడిగారా?" అంది.

"అడిగేదేముంది? దాని బాధ నాకు తెలీదా?"

పిల్ల తిరిగి బడికి వెళ్ళగానే, ఆ ఊపులోనే ఫోను జేబులో వేసుకుని తనూ వెళ్ళాడు. టీచరు కంప్యూటరు గదిలో ఒక్కతే ఉంది. ఆయన రికార్డింగు ఓపిగ్గా చివరిదాకా వింది.

"మీ గొంతు బాగుందండీ. కానీ మీ అమ్మాయి పొద్దున్నే వచ్చి తన గొంతు ఇచ్చేసింది."

ఆయన ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. "అయితే ఆ ఆగిన చోట్లైనా కత్తిరించెయ్యండి మేడమ్."

"కత్తిరించి చూశాను. మాట నున్నగా వచ్చింది. అమ్మాయి విని, ఇది నేను కాదు టీచర్ అంది." ఆవిడ కంప్యూటరు ఆయన వైపు తిప్పింది. తెర మీద ఫొటోలు చిన్న చిన్న గళ్ళుగా వరసలో ఉన్నాయి. ఒక గడి అంచు పట్టుకుని లాగింది. గడి సాగింది. "కత్తెర ఫొటో ఇది. అమ్మాయి ఇక్కడ ఆగింది కాబట్టి దీన్ని ఇంత లాగాను. ఫొటో కదండీ, దానికి తొందరేముంటుంది? పిల్ల మాట అయ్యేదాకా అక్కడే ఉంటుంది."

"పిల్లలు నవ్వితే?"

"నవ్వచ్చు. నవ్వరని నేను మాటివ్వలేను. అమ్మాయికీ అదే చెప్పాను. అయినా ఉంచమంది."

"మా పిల్ల అంత మాట అనదండీ. నాకు తెలుసు."

టీచరు తరగతికి కబురు పంపి పిల్లను పిలిపించింది. పిల్ల వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. తండ్రి ఎదురెళ్ళి, "అమ్మడూ, నాన్న గొంతే పెట్టమని చెప్పు, భయం లేదు" అన్నాడు. పిల్ల నోరు తెరిచింది. మాట రాలేదు. "అదిగో, నాన్నదే..." అని ఆయన అందుకోబోతుంటే టీచరు, "కాస్త ఆగండి, అమ్మాయిని చెప్పనివ్వండి" అంది.

ఆగడం ఆయనకు అలవాటు లేని పని. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిల్ల గడ్డం పైకెత్తింది, దించింది.

"నా... నాదే ఉంచండి టీచర్." తండ్రి వైపు తిరిగింది. "నువ్వు చెప్తే... అది నీ వీడియో, నాన్నా."

మర్నాడు బస్సులో ఆయన ఒక్క కేక వెయ్యలేదు. ఒంట్లో బాగాలేదా అని డ్రైవరు రెండుసార్లు అడిగాడు.

సమావేశం రోజు హాలంతా నిండిపోయింది. మొగుడూ పెళ్ళాం మధ్యవరసలో కూర్చున్నారు. ఎవరి పిల్లల వీడియోకు వాళ్ళు మురిసిపోతున్నారు. ఈయన ఒక్కటీ చూడలేదు. పిల్ల వంతు వచ్చింది. సుద్దగీత కనిపించింది, దారం కనిపించింది. పిల్ల గొంతు హాలంత పెద్దదై వినిపించింది.

"తర్వాత మా అమ్మ క... క..."

తెర మీద కత్తెర పట్టిన చెయ్యి. అది కదల్లేదు. వెనకవరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో అందుకున్నారు. ఆ మాట ఆయన నాలుక చివరనే ఉంది. ఒక్కసారి గట్టిగా అంటే చాలు, పిల్ల గండం గట్టెక్కుతుంది. జేబురుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. చూపు తిప్పుకుందామంటే ఎదురుగా ఆ ఫొటో తప్ప ఏమీ లేదు. చూశాడు. భార్య బొటనవేలి మీద, కత్తెర పిడి ఒరుసుకునే చోట, నల్లగా కాయ కాచి ఉంది. రోజూ ఆ చేత్తోనే కదా తనకు అన్నం పెడుతోంది. ఎప్పుడూ చూడలేదే అనుకున్నాడు.

"...కత్తెర తీస్తుంది. కత్తెర పట్టీ పట్టీ అమ్మ వేలు కాయ కాచింది. మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఫొటో తీసినప్పుడు నేను చూశాను."

వెనకవరస గప్‌చుప్. వాళ్ళూ ఆ వేలే చూస్తున్నట్టున్నారు. ఈ వాక్యం మిద్దె మీద కూర్చుని ఆయనే చదివాడు. చదివాడు గానీ వినలేదు. పక్కన భార్య తన బొటనవేలు కొంగులో దాచుకుంది. ఆయన ఆ చెయ్యి బయటికి తీసి తన చేతిలో పట్టుకున్నాడు.

చప్పట్లు అందరికీ కొట్టినట్టే కొట్టారు. సభ అయ్యాక ముగ్గురూ టీచరు దగ్గరికి వెళ్ళారు. ఏం చెప్పాలో ఆయన కుర్చీలో కూర్చునే కూడబలుక్కున్నాడు. తీరా ఎదురుగా నిలబడి నోరు తెరిస్తే పెదాలు కదిలాయి, మాట రాలేదు. భార్య చూడలేక, "ఆయన ఏమంటున్నారంటేనండీ..." అని అందుకోబోయింది.

"ఉండమ్మా," అంది పిల్ల. "నా... నాన్న చెప్తాడు."

టీచరు నిలబడింది. వెనక వేరే తల్లిదండ్రులు కూడా నిలబడ్డారు. కండక్టరు జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఇన్నాళ్ళూ దాని మాటలన్నీ నేనే మాట్లాడానండీ," అన్నాడు. "ఇవాళ విన్నాను. మీ మేలు మర్చిపోను."

ఆ రెండు ముక్కలు చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. కూతురు ఒక్క మాటా అందించలేదు.